కొత్త అనిమోన్ ముడుచుకుపోతే: ఊరుకోవడం మేలా, చెయ్యి పెట్టడం మేలా?

రోహిణి కార్తె ఎండల్లో, చెన్నై నుంచి సంచిలో ఒక బబుల్‌టిప్ అనిమోన్ తెచ్చుకున్నాను. పువ్వులా కనిపించే సముద్రపు జీవి అది. నెల్లూరు ఎండల్లో ఆ పని చేసినందుకు ముందు నన్ను నేనే తిట్టుకోవాలి. రాత్రి ఇంట్లోని ఉప్పునీళ్ల చేపల తొట్టిలో దింపాను. తెల్లారి చూస్తే ఊరిన నిమ్మకాయ బద్దలా ముడుచుకుని ఉంది. మా బావమరిదికి రొయ్యల చెరువులు. చూడగానే "ఇంకా ఏంది చూస్తా ఉండావు బావా, సగం నీళ్లు తోడి పారెయ్" అన్నాడు.

ముడుచుకున్నంత మాత్రాన జబ్బని కాదు. దాని ఒళ్లంతా నీళ్లే. లోపలి పాత నీళ్లనీ మలినాన్నీ వదిలేసి, కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బుతుంది. అందుకే నేను సైజు చూడను. పాదం రాయిని పట్టుకుందా, నోరు బిగిసి ఉందా, వేళ్లకి, అంటే నోటి చుట్టూ ఉండే టెంటకిల్స్‌కి, జిగురు ఉందా అని చూస్తాను. ఈ మూడూ బాగుంటే ఊరుకోవడమే మేలు. లైటు తగ్గించాలి. మొదటి వారం మేత పెట్టకూడదు. తినలేక కక్కేస్తే అది కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. రాత్రిళ్లు చోటు వెతుక్కుంటూ నడుస్తుంది కాబట్టి పంపు మూతికి స్పాంజ్ తొడగాలి. లేకపోతే పంపు లోపలి ఫ్యాన్‌లో పడి ముక్కలవుతుంది.

నీళ్లు మార్చడమంటారా, అది కొలిచాక తేల్చాల్సిన సంగతి. చెరువులో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మా బావమరిది దగ్గరే ఉంది. పెట్టి చూస్తే ఉప్పు వెయ్యికి 38 వంతులు. ఉండాల్సింది 35. వేడి తగ్గాలని తొట్టి మీద ఫ్యాన్ పెట్టాను. నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలింది, మంచినీళ్లు కలపడం మరిచిపోయాను. "వనామీ రొయ్య 15లో కూడా పెరుగుద్ది బావా" అన్నాడు. వనామీకి చెల్లుతుంది, దీనికి చెల్లదు. అలాగని ఒక్కసారే సరిచేసినా దానికి ఇంకో దెబ్బే. ఆర్‌ఓ నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ రెండు రోజుల్లో 35కి దించాను. అమ్మోనియా కనిపించి ఉంటే మాత్రం, అదే ఉప్పూ అదే వేడీ ఉన్న నీళ్లతో పదో వంతో ఐదో వంతో ఆ రోజే మార్చేవాణ్ణి. మైపాడు సముద్రం నుంచి క్యాన్లు నింపుకొద్దామా అని కూడా అనిపించింది. వానల తర్వాత ఒడ్డు నీళ్లలో ఉప్పు పడిపోతుంది, అందులో ఏం కలిసిందో కూడా తెలియదని మానుకున్నాను.

చోటు మార్చడం అన్నిటికన్నా చెడ్డ పని. నా మొదటి అనిమోన్ మూలకి చేరిందని గోటితో పెకలించాను. పాదం చిరిగింది. నాలుగు రోజుల్లో పోయింది. మరీ తప్పదనుకుంటే రాయితో సహా జరపండి.

ఇక తీసేయడం. వేళ్లకి జిగురు పోయి, పాదం పట్టు వదిలి, నోరు ఆవులిస్తూ లోపలి భాగాలు బయటికొచ్చి, ఒళ్లు దారాల్లా ఊడుతుంటే ఇక ఆగొద్దు. అనుమానంగా ఉంటే గ్లవ్స్ వేసుకుని గిన్నెలోకి తీసి వాసన చూడండి. చచ్చినదాని కంపు చెప్పక్కర్లేదు. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి చేపలు కూడా పోవచ్చు. తెల్లగా పాలిపోవడం మాత్రం చావు కాదు. ఒంట్లో ఉండి వెలుతురుతో దానికి తిండి పెట్టే నాచు పోయిందన్నమాట. దాన్నుంచి కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొనేటప్పుడే అలాంటివీ, పైనుంచి రంగు వేసినవీ వద్దనాలి.

మూడో రాత్రి నాది రాయి వెనక చీలికలోకి దూరింది. పొద్దున్నే బావమరిది గోరంత రొయ్య ముక్క పట్టుకుని వచ్చాడు. "ఎక్కడికి పోయింది బావా?"

"వెనక్కి. ఆ ముక్క ఫ్రిజ్‌లో పెట్టు, వచ్చే వారం చూద్దాం."