సోమశిల ప్రయాణం, ఒక క్లీట్ గొడవ

మా అక్క వాళ్లది కొల్లాపూర్. బావ రిటైరయ్యాక ఊరుకోకుండా 13 అడుగుల పాత ఫైబర్ తెరచాప పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అడగాల్సిన వాళ్లను అడిగి, అనుమతి తెచ్చుకుని దగ్గర్లోని సోమశిలలో కృష్ణ ఒడ్డున పెట్టుకున్నాడు. నాది నల్లగొండలో హార్డ్‌వేర్ షాపు. అందుకని పడవలో ఏ బోల్టు వదులైనా ఫోన్ నాకే వస్తుంది. కార్తీకంలో ఒకరోజు అలాగే చేశాడు. "చాప పైకి గుంజినంక తాడు జారుతుందిరా. గట్టిగ పట్టేదొకటి పట్టుకురా. పిల్లల్ని గూడ తీస్కరా."

సంగతి చిన్నదే. తెరచాపను నిలబెట్టే కొయ్య పైన గిలక ఉంటుంది. దాని మీదుగా వచ్చే తాడును లాగితే చాప పైకి లేస్తుంది. పడవ వాళ్లు ఆ తాడును హాల్‌యార్డ్ అంటారు. లాగిన తాడు కిందికి వచ్చాక దాన్ని దేనికో ఒకదానికి బిగించాలి కదా, అదే క్లీట్. బావ పడవలో ఉన్నది క్లామ్ క్లీట్. 'వి' ఆకారపు గాడి, లోపల పళ్లు, కదిలే భాగం ఒక్కటీ లేదు. ఆ పళ్లు అరిగిపోయాయి.

కొత్తది ఆన్‌లైన్‌లో తెప్పిస్తే లావు తాడుకు సరిపోయేది పంపారు. మాది 6 మిల్లీమీటర్ల తాడు, అందులో పెడితే పట్టుకోదు. వాపసు తీసుకోమంటే గడువు దాటిందన్నారు. మళ్లీ సరైన సైజుది తెప్పించాను. దాంతోపాటు స్ప్రింగు దవడలుండే క్యామ్ క్లీట్ ఒకటి, రెండు కొమ్ముల స్టీలు క్లీట్ ఒకటి సంచిలో వేసుకున్నాను. ఆ కొమ్ముల దాన్ని చూసి మా ఆవిడ "ఇది గోడకు బట్టలు తగిలించేదా" అంది.

మొదటి రోజు నాగార్జునసాగర్. విజయ్ విహార్‌లో దిగాం. గదికన్నా బయటి దృశ్యానికే డబ్బులిచ్చినట్టు అనిపించింది, నాకైతే నష్టమనిపించలేదు. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లాలనుకునేవాళ్లు శుక్రవారం పెట్టుకోకండి, మ్యూజియం మూసి ఉంటుంది. లోయ నీట మునగకముందు తవ్వి తీసిన శిల్పాలు అక్కడున్నాయి. పిల్లలు వాటిని చూస్తుంటే నేను లాంచీని రేవుకు కట్టిన తాడును చూస్తూ నిలబడ్డాను. పనివాడు కొమ్ముల చుట్టూ ఎనిమిది అంకెలా రెండుసార్లు తిప్పి వదిలేశాడు, ముడే వేయలేదు. అడిగితే నవ్వాడు. "ముడేస్తే ఇప్పేదెవరు సార్?"

ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు.

రెండో రోజు దేవరకొండ, డిండి మీదుగా కొల్లాపూర్. డిండి జలాశయం దగ్గర చాయ్‌కి ఆగితే చాలు, రాత్రి ఉండేంత పని మాకు కనిపించలేదు. సోమశిలలో నీళ్ల ఒడ్డునే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. కార్తీకంలో ముందు బుక్ చేసుకోకపోతే దొరకవు. మాకు దొరకలేదు. అక్క ఇంట్లో అప్పటికే చుట్టాలు నిండిపోయారు. చివరికి ఒక లాడ్జిలో దిగాం. వేడినీళ్లు వస్తాయన్నారు, వచ్చాయి, బకెట్టుకు నలభై నిమిషాలు. దుప్పట్లు మాత్రం శుభ్రంగానే ఉన్నాయి. గుడి పక్కన పొద్దున్నే దొరికిన ఇడ్లీ బాగుంది. ఘాట్ దగ్గర వేయించే బొచ్చె చేప వాసనకు నా ప్రాణం లాగింది కానీ, కార్తీకమని మా ఆవిడ చూసిన చూపుకు ఆగిపోయాను.

నీళ్లు నిండుగా ఉన్నాయి. సోమశిల దగ్గరున్నవి శ్రీశైలం జలాశయం నీళ్లే, దాని పూర్తి మట్టం 885 అడుగులు. ఆ దరిదాపుల్లో నీళ్లుంటే ఎదుటి ఒడ్డు సంగమేశ్వరం గుడి కనబడదు. అది చూడాలంటే నీళ్లు తగ్గాక ఎండాకాలంలో రావాలి. పడవ నడపడానికి మాత్రం ఇప్పుడే బాగుంటుంది.

బావ మూడింటినీ చేతిలో తిప్పి చూసి క్లామ్ క్లీట్ ఎంచుకున్నాడు. "ఇది మొసలి పట్టురా." నిజమే, తాడు అలా లాగి గాడిలో పడేస్తే చాలు, సెకను పట్టదు. నేనూ తలూపాను. కొట్లో కూడా మేం అమ్మేది అలాగే, ఎంత బరువు పడుతుందని అడుగుతారు, ఎంత తేలిగ్గా వదులుతుందని ఎవరూ అడగరు.

లైఫ్ జాకెట్లు లేకుండా అక్క ఎవర్నీ పడవ ఎక్కనివ్వదు. 2007లో మంచాలకట్ట దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని ఈ ఊళ్లలో ఎవరూ మరిచిపోలేదు. పిల్లల్ని ఒడ్డునే ఉంచి నేనూ బావా బయల్దేరాం. అరగంట హాయిగా సాగింది. తర్వాత కొండల సందులోంచి గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి. చాపను పక్కలకు తిప్పే తాడును బావ వదిలేయడంతో ఆ గండం గడిచింది. పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పి "చాప దించరా" అని అరిచాడు. నేను తాడు పట్టుకున్నాను. గాడిలోంచి రావట్లేదు. అది ఊడాలంటే ముందు తాడును ఇంకొంచెం కిందికి లాగి, తర్వాత బయటికి తీయాలి. చాప కొట్టుకుంటున్న ఊపుకు ఆ కొంచెమే నా వల్ల కాలేదు. వేళ్లు కమిలిపోయాయి. చివరికి గాలి కాస్త సన్నగిల్లితే వచ్చింది. టెన్షన్‌లో ఎంతసేపు పట్టిందో తెలియదు, బావ లెక్కలో రెండు నిమిషాలు.

ఒడ్డుకొచ్చాక రేవు పనివాడి మాట గుర్తొచ్చింది. కొమ్ముల క్లీట్ అయితే బిగువు మీదున్న తాడును కూడా చుట్టు చుట్టుగా విప్పుతూ మెల్లగా వదలొచ్చు. వద్దనుకుంటే మొత్తం ఒకేసారి వదిలేయొచ్చు.

మర్నాడు అదే బిగించాం. క్లీట్ పొడవు తాడు మందానికి దాదాపు పదహారు రెట్లుండాలి, మా 6 మిల్లీమీటర్ల తాడుకు నాలుగంగుళాలది సరిపోయింది. చిన్నదైతే చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కి ఇరుక్కుంటాయి. తాడు వచ్చే దారికి తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా పెట్టాలి, లేకపోతే మొదటి చుట్టే పట్టేస్తుంది. కొయ్య అన్నామే కానీ అది బోలు అల్యూమినియం గొట్టం. ఆరపార బోల్టు వేసి బిగిస్తే నొక్కుకుపోతుంది, మామూలు స్క్రూలు నాలుగు రోజుల్లో వదులవుతాయి. అందుకని రివెట్లు కొట్టాను. స్టీలు, అల్యూమినియం తడిలో ఒకదాన్నొకటి తాకుతుంటే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. ఉప్పునీళ్లంత వేగంగా కాకపోయినా కృష్ణ నీళ్లలోనూ తింటుంది. అందుకే క్లీట్ అడుగున ప్లాస్టిక్ డబ్బా మూత కోసి పెట్టాను. పనిలో పనిగా నైలాన్ తాడు తీసేసి పాలిస్టర్‌ది వేశాం. నైలాన్ సాగుతుంది, గంటకోసారి చాప జారినట్టు కనబడుతుంది. బావ ఇన్నాళ్లూ క్లీట్‌ను తిట్టిన దాంట్లో సగం తాడు తప్పే.

క్యామ్ క్లీట్ వృథా పోలేదు. చాపను పక్కలకు తిప్పుతూ మాటిమాటికీ సర్దే తాడుకు పెట్టాం, తాడును పైకి ఎగరేస్తే ఊడుతుంది. ఇసుక దూరితే స్ప్రింగులు మొరాయిస్తాయి కాబట్టి రోజూ కడగాలి.

సాయంత్రం బావ చాప ఎత్తి, కొమ్ములకు ఎనిమిది వేసి, అలవాటు కొద్దీ చివర గట్టి ముడి వేయబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. "గుంజకు కట్టింది బర్రె కాదు బావా, చాప." వినిపించుకున్నట్టే ఉన్నాడు. ముడి లేకుండానే దించి ఎత్తి పదిసార్లు చూశాడు.

ఆన్‌లైన్ వాళ్లు తప్పుగా పంపిన క్లామ్ క్లీట్ మా డాబా మీద దండేనికి పెట్టాను. బాగా పట్టుకుంటోంది. దాని కోసం 10 మిల్లీమీటర్ల తాడు కొనాల్సి వచ్చింది.