అరకు, లంబసింగి, మారేడుమిల్లి: సాడిల్ బ్యాగులతో వెళ్తే ఎక్కడ దిగాలి, చిరిగితే ఎక్కడ కుట్టించాలి

వైజాగ్ నుంచి అరకు, పాడేరు, లంబసింగి, అక్కడి నుంచి నర్సీపట్నం దిగి, తుని దగ్గర హైవే ఎక్కి రాజమండ్రి, చివరగా మారేడుమిల్లి. ఈ రూట్లో పొగమంచు గురించి, బొంగు చికెన్ గురించి రాసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను బ్యాగుల గురించి రాస్తాను. వానలు ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో ఈ రోడ్ల మీద బండి కంటే ముందు దెబ్బతినేది బైక్ వెనక సీటుకి రెండు పక్కలా వేలాడే సాడిల్ బ్యాగే. అది చిరిగితే బట్టలు, మందులు, టూల్స్ అన్నీ బురద పాలే.

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేదాకా ఏ బ్యాగైనా బాగానే ఉంటుంది. రోడ్డు బాగుంది, కాఫీ తోటల మధ్య మలుపులు హాయిగా సాగాయి. అసలు పరీక్ష పాడేరు వైపు మొదలైంది. రోడ్డు వెడల్పు పనుల కోసం తవ్వి వదిలేసిన చోట్ల కంకర, ఎర్ర బురద. నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి రెండు వైపులా సాడిల్ స్టే రాడ్లు, అంటే బ్యాగు లోపలికి ఊగకుండా ఆపే ఇనప కడ్డీలు ఉన్నాయి. నాతో వచ్చిన ఫ్రెండ్ బండికి లేవు, బ్యాగుల్ని సీటు మీదుగా పట్టీలతో వేసి బంగీ తాళ్లతో బిగించాడు. గుంటలో పడినప్పుడు వెనక సస్పెన్షన్ నొక్కుకుంటుంది, బ్యాగు ఊగుతుంది, కుడివైపు సైలెన్సర్‌కీ బ్యాగుకీ మధ్య ఉన్న రెండంగుళాల ఖాళీ కాస్తా పోతుంది. నైలాన్ గుడ్డ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ, దాని మీది పూత, అడుగున వేసే రెగ్జిన్ అంతకంటే చాలా ముందే మెత్తబడి అంటుకుపోతాయి. వాసన వచ్చి బండి ఆపి చూస్తే అరచేతి వెడల్పున కాలి, అంచులు నల్లగా గట్టిపడిపోయి ఉన్నాయి.

నా బ్యాగుది వేరే కథ. కాలలేదు గానీ పై పట్టీ బ్యాగుకి అతికే చోట ఊడొచ్చింది. దాదాపు కొత్త బ్యాగు, ధర కూడా తక్కువేం కాదు. బరువంతా మోసే ఆ చోట కంపెనీవాళ్లు ఒకే వరస కుట్టు వేసి వదిలేశారు, లోపల అదనపు ముక్క లేదు. కొనేటప్పుడు జేబులెన్ని ఉన్నాయో లెక్కపెట్టే బదులు ఈ జాయింటు దగ్గర లోపలివైపు తడిమి చూడండి, రెండో పొర చేతికి తగలకపోతే కొనొద్దు.

పాడేరులో ఒక మెకానిక్ షాపులో అడిగితే బ్యాగుల పని మాది కాదన్నారు. బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే తిరగేసి చూసి, "దారం తెగలేదు బాబూ, గుడ్డే చిరిగింది. ముక్క ఎయ్యకుండా కుడితే పక్కన మళ్లీ చిరుగుద్ది" అన్నాడు. "మీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యి బాబాయ్" అన్నాను. పాత తోలు ముక్కని చిరుగు కంటే రెండంగుళాలు పెద్దగా కోసి లోపలివైపు పెట్టాడు. నైలాన్ దారాన్ని మైనంలో లాగి, ఆరెతో ఒక్కో రంధ్రం పొడుస్తూ, రెండు వైపుల నుంచీ దారం వచ్చేలా చుట్టూ చతురస్రంగా, మధ్యలో అడ్డంగా కుట్టాడు. మిషన్ కుట్టులో ఒక చోట తెగితే వరసంతా వదులవుతూ వస్తుంది, ఈ చేతికుట్టులో ఆ భయం లేదు. తీసుకున్నది 80 రూపాయలు, నేను వంద ఇచ్చాను. ఆ తర్వాత రూటంతా ఆ పట్టీ కదల్లేదు.

కాలిన బ్యాగుకి పాడేరులో పని కాలేదు. పాలిథిన్ చుట్టి లంబసింగి దాకా నెట్టుకొచ్చి, నర్సీపట్నంలో సీటు కవర్లు కుట్టే షాపులో ఇచ్చాం. అతను ముందు గట్టిపడిన అంచుని మొత్తం కోసేశాడు. అది చాలా ముఖ్యం, ఆ పెళుసు అంచు మీద కుడితే పట్టు ఉండదు. లోపల లారీ టార్పాలిన్ ముక్క, బయట రెగ్జిన్, రెండు వరసల కుట్టు. పంక్చర్ సొల్యూషన్‌తో అతికిద్దామనుకునేవాళ్లకి ఒక మాట, అది రబ్బరుకి పనికొస్తుంది గానీ ఈ గుడ్డ మీద నాలుగు వానలకే లేచిపోతుంది. పక్కనే వెల్డింగ్ షాపులో ఫ్రెండ్ బండికి స్టే రాడ్లు కూడా చేయించాం. అవి బ్యాగుని సైలెన్సర్ నుంచి, చక్రం నుంచి దూరంగా పట్టుకుంటాయి, అంతకంటే మంచి ఖర్చు లేదు.

బసల సంగతికొస్తే, అరకులో ఏపీ టూరిజం వాళ్ల హరిత రిసార్టులో ఉన్నాం. గదులు మామూలే, భోజనం పర్వాలేదు. కానీ బండి లోపల పెట్టుకోవచ్చు, బ్యాగులు విప్పకుండా పడుకోవచ్చు, నాకు అదే కావాలి. అంతకుముందు చూసిన ఒక ప్రైవేటు లాడ్జిలో గది కొత్తగా ఉన్నా బండి రోడ్డు మీదే, బ్యాగులు మూడో అంతస్తుకి మోసుకెళ్లాలి. రోజూ విప్పి కట్టడంలోనే బకిల్స్, పట్టీలు అరిగిపోతాయి.

లంబసింగిలో టెంట్లు. సుమారు 1000 మీటర్ల ఎత్తు, తెల్లవారుజాము చలి అద్భుతం, బ్యాగులకి మాత్రం అది నరకం. మంచుకి రాత్రంతా తడిసి ముద్దయ్యాయి, ఆరబెట్టే చోటు లేదు. పైగా పల్లీ ఉండల వాసనకి ఎలుక వచ్చి ఫ్రెండ్ బ్యాగు పక్క జేబు కొరికేసింది. తినేవి ఏవీ బ్యాగులో ఉంచకండి, డబ్బాలో ఉన్నా సరే.

నా ఓటు మారేడుమిల్లి హోమ్‌స్టేకే. వెడల్పాటి సిమెంటు వరండా, దండెం, అడగకుండానే పాత పేపర్లు ఇచ్చిన ఇంటావిడ. బ్యాగుల్ని తిరగేసి పేపర్లు కూరి నీడలో వేలాడదీస్తే పొద్దున్నకి పొడిగా ఉన్నాయి. ఎర్రటి ఎండలో వేస్తే లోపలి పూత పగిలి పొట్టులా రాలుతుంది, వద్దు.

ఇంకొన్ని సంగతులు. చాలామంది రెయిన్ కవర్‌ని నమ్ముకుంటారు. గాలికి అది లేచి వెనక చక్రంలోకి పోవడం చూశాను, అప్పట్నుంచి మందపాటి పాలిథిన్ సంచి లోపలే వేసి మూతి మడిచి కడుతున్నాను. అడుగున పాత ఫ్లెక్సీ బ్యానర్ రెండు మడతలు వేస్తే స్పానర్ల మూలలు గుడ్డని పొడవవు. బరువైనవి అడుగున, సీటు వైపు, రెండు పక్కలా సమానంగా సర్దాలి. బురద రోడ్డు దిగగానే జిప్పుల మీద నీళ్లు పోసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక కొవ్వొత్తి రాయండి. జిప్పు లాగే రన్నర్ వదులై పళ్లు పట్టకపోతే ప్లయర్‌తో రెండు అంచుల్నీ కొంచెం నొక్కితే చాలు, గట్టిగా నొక్కితే విరుగుతుంది.

మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ కూడా వెళ్లాలనుకునేవాళ్లు కుట్టు పనులన్నీ రాజమండ్రిలోనే ముగించుకుని బయల్దేరండి.