మూడేళ్లుగా ఎక్స్-ప్లేన్‌తో: విద్యార్థి పైలట్‌కు మార్కు ఎలా వేస్తున్నాను

విజయవాడ మొగల్రాజపురంలో పౌర విమానయాన సంస్థ డీజీసీఏ పెట్టే పైలట్ పరీక్షలకు పాఠాలు చెబుతుంటాను. ఫ్లయింగ్ స్కూలుకు వెళ్లబోయే పిల్లలను ముందుగా మా గదిలోని సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టడం మూడేళ్లుగా అలవాటు. ఎక్స్-ప్లేన్ 12 అనే సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్, యోక్ (విమానాన్ని తిప్పే చేతిపిడి), రడ్డర్ పెడళ్లు (ముక్కును పక్కకు తిప్పేవి), నాకో విడి తెర, సరంజామా ఇంతే. ఇక్కడి గంటలు కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో కలవవు. ఆ సంగతి మొదటి రోజే అందరికీ చెబుతాను.

నాకు బాగా నచ్చినది ఇన్‌స్ట్రక్టర్ తెర. విద్యార్థికి తెలియకుండానే గాలి దిశ మార్చవచ్చు, ఇంజన్ ఆపవచ్చు, కొన్ని డయళ్లను గాలి పీల్చి నడిపే వాక్యూమ్ పంపును చెడగొట్టవచ్చు. పాత డయళ్లున్న సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో వాక్యూమ్ పోతే, విమానం ఎటు ఒరిగిందో చూపే ఆటిట్యూడ్ ఇండికేటర్ మెల్లగా ఒరుగుతుంది. దాన్ని నమ్మి విమానాన్నీ ఒరిగించేస్తారు చాలామంది. కరెంటుతో నడుస్తూ, మలుపును చూపే టర్న్ కోఆర్డినేటర్ వైపు చూపు ఎంతసేపటికి మళ్లిందో పక్కనే కూర్చుని గమనిస్తాను. ఇది ఏ ఫైలులోనూ దొరకదు.

ఎత్తు, వేగం, వంపు, యోక్ కదలిక మాత్రం సిమ్యులేటర్ రాసే డేటా ఫైలులోకి ఎక్కుతాయి. మొదటి ఏడాది ఆ అంకెలనే మార్కులుగా తీసుకున్నాను. స్టీప్ టర్న్‌కు, అంటే బాగా ఒరిగించి ఎత్తు మారకుండా తిప్పే మలుపుకు, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ప్రైవేట్ పైలట్ ప్రమాణం పెట్టుకున్నాను: వంపు 45 డిగ్రీలు, తేడా ఎత్తులో 100 అడుగులు, వేగంలో 10 నాట్లు దాటకూడదు.

గుంటూరు నుంచి వచ్చే అబ్బాయి ఒకరోజు 60 అడుగులు కూడా తప్పలేదు. గ్రాఫు గీసి చూస్తే యోక్ గీత రంపపు పళ్లలా ఉంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు వెంట పడ్డాడే తప్ప ఒక్కసారైనా బయటకు చూడలేదు. అదేరోజు ఒక అమ్మాయి 130 అడుగులు కిందికి జారింది. "ముక్కు కిందికి పోయింది సార్, వంపు తగ్గించి ఎత్తుతున్నాను" అని తానే చెప్పి, తొందర పడకుండా మళ్లీ అదే ఎత్తుకు వచ్చి నిలిచింది. అంకెల ప్రకారం అబ్బాయి పాసు, అమ్మాయి ఫెయిలు. ఆ రాత్రి నాకు మనసు ఒప్పలేదు. మార్కుల పట్టీ మొత్తం మార్చేశాను. తప్పును ఎప్పుడు పసిగట్టారు, ఎలా సరిదిద్దారు అన్నదానికే ఇప్పుడు సగం మార్కులు.

కొన్నింటికి అసలు మార్కే వేయను. నిజమైన విమానంలో ట్రిమ్ (యోక్ మీద ఒత్తిడి తగ్గించే సర్దుబాటు) కుదిరితే చేతి మీద బరువు తేలికవుతుంది. మా స్ప్రింగు యోక్‌లో అది తెలియదు. ఒక్క తెర మీద నేల ఎంత దగ్గరయిందో కంటికి అందదు కాబట్టి ల్యాండింగులో ఫ్లేర్‌కూ, అంటే నేల తాకే ముందు ముక్కు పైకెత్తడానికీ, మార్కు లేదు, రన్‌వేకు దిగి వచ్చేటప్పటి అప్రోచ్ వేగం వరకే చూస్తాను.

ఆ గుంటూరు అబ్బాయిని సిమ్యులేటర్‌లో గన్నవరం నుంచి లేపించి, డయళ్ల మీద కాగితం కప్పి, కృష్ణా నది మలుపును, ప్రకాశం బ్యారేజీని చూసి దారి పోల్చుకోమన్నాను. నాలుగో వారానికి రంపపు పళ్లు అరిగాయి. ఇప్పుడు ప్రతివారికీ ముందు గ్రాఫు చేతికిచ్చి, ఎక్కడ తప్పారో పెన్సిలుతో వాళ్లనే గుర్తు పెట్టమంటున్నాను. నా మార్కు ఆ తర్వాతే.