అరకు, పాడేరు సైకిల్ యాత్ర: ఒకసారి రిజిడ్ ఫోర్కుతో, ఒకసారి సస్పెన్షన్‌తో

నవంబరులో కటికి జలపాతం దారి నుంచి బొర్రాకి తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకోలేకపోయాను. చిటికెన వేలు, ఉంగరపు వేలు రెండూ తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి. కొట్టాయన చూసి గ్లాసు బల్ల మీద పెట్టేసి, "చల్లారాక తాగండి బాబూ" అన్నాడు.

మాది విశాఖ. సైకిలు 29 అంగుళాల చక్రాల మౌంటెన్ బైకు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఉక్కుది, రిజిడ్ రకం, అంటే కుదుపులకి అణగదు. బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్ళి రావడానికి దాన్ని మించింది లేదు. ఆ ధీమాతోనే మొదటి యాత్రకి బయల్దేరాను. ఎస్.కోట దాటి బొడ్డవర దగ్గర ఘాట్ మొదలవుతుంది. ఎక్కడంలో ఫోర్కు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నిలబడి తొక్కితే తొక్కిన బలమంతా చక్రానికే పోయేది. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట వరసగా దాటుకుంటూ రెండు రోజుల్లో అరకు చేరాను. దారిలో ఒక రాత్రి అనంతగిరిలో టూరిజం వాళ్ళ హరితలో దిగాను. భోజనం మామూలే. కానీ ఆవరణ విశాలం, సైకిలు గది ముందు వరండాలో కళ్ళెదుటే ఉంది, పొద్దున్నే తలుపు తీస్తే మంచు లోపలికొచ్చేస్తుంది. సైకిలుతో వెళ్ళేవాళ్ళకి నేను ముందు చెప్పేది అదే.

బాధంతా తిరుగు ప్రయాణంలో. బొర్రా నుంచి కటికికి పోయేది జీపులు తిరిగే రాళ్ళ దారి. ప్రతి రాయీ నేరుగా మణికట్టుకి తగిలింది. ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. టైర్లలో 50 పీఎస్ఐ గాలి కొట్టించుకుని వెళ్ళాను. 2.25 అంగుళాల వెడల్పు టైరుకి, నా 74 కిలోల బరువుకి అది మరీ ఎక్కువ. తరువాత 28కి తగ్గించి మధురవాడ వెనక మట్టిరోడ్డులో తొక్కి చూస్తే సగం నొప్పి అక్కడే పోయింది. ఫోర్కు కొనాలనుకునేవాళ్ళు ముందు ఈ పని చేసి చూడండి, డబ్బు ఖర్చు లేదు.

మిగిలిన సగం కోసం ఫోర్కు మార్చాను. కొనేముందు చాలా చూసుకోవాలి. నా ఫ్రేములోకి 28.6 మిల్లీమీటర్ల తిన్నని స్టీరర్ ట్యూబే (ఫోర్కు నుంచి పైకి హ్యాండిలు దాకా పోయే గొట్టం) పడుతుంది, కింద లావుగా ఉండే టేపర్డ్ రకం దూరదు. చక్రం మధ్యనుండే హబ్బుకి క్విక్ రిలీజ్ అనే సన్న ఇరుసు, కాబట్టి 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు (త్రూ యాక్సిల్) పట్టే ఫోర్కులన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం ఫోర్కు పొడుగు. ఇరుసు మధ్య నుంచి క్రౌన్ (రెండు కాళ్ళూ పైన కలిసేచోటు) దాకా నా పాతది 465 మిల్లీమీటర్లు, 100 మిల్లీమీటర్ల ట్రావెల్ (అణిగే దూరం) ఉన్న కొత్తది సుమారు 505. ఎక్కి కూర్చుంటే బరువుకి 20, 25 దిగుతుంది (దీన్నే సాగ్ అంటారు), కాబట్టి అసలు తేడా 15 నుంచి 20. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడుగైతే హెడ్ యాంగిల్, అంటే ఫ్రేము ముందు గొట్టం వాలు, ఒక డిగ్రీ దాకా వాలుతుంది. నాకు ఫరవాలేదనిపించింది. ఇంకా పొడుగు ఫోర్కు వేసి ఉంటే ఎక్కుళ్ళలో ముందు చక్రం అటూ ఇటూ తిరుగుతూ ఉండేది.

చవకలో దొరికే స్ప్రింగు ఫోర్కులు రెండున్నర కిలోల దాకా తూగుతాయి. అందుకే గాలితో పనిచేసేది తీసుకున్నాను. అదీ రెండు కిలోల పైమాటే, పాతదేమో 1.2 కిలోలు. దీనికి షాక్ పంపు వేరే కొనుక్కోవాలి, మామూలు పంపు పనికిరాదు. ఇంకో నష్టం బిగించాక గానీ తెలియలేదు. పాత ఫోర్కు రెండు కాళ్ళకీ నీళ్ళ సీసాలు తగిలించుకునే బోల్టు రంధ్రాలుండేవి. కొత్తదానికి లేవు. రెండు లీటర్ల నీళ్ళు వీపు మీద సంచిలోకి వచ్చిపడ్డాయి.

బిగించింది నగరంలో ఒక షాపు, పేరు వద్దు. గంటలో చేసిచ్చారు, నేనూ సంతోషించాను.

ఫిబ్రవరిలో ఈసారి ఘాట్ ఎక్కకుండా కిరండూల్ ప్యాసింజరులో వెళ్ళాను. సైకిలుని ముందు రోజే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి, హ్యాండిలు తిప్పి, గేర్ల పక్కకి గోనె సంచి చుట్టి బ్రేక్‌వ్యానులో వేయించాను. విస్టాడోమ్ పెట్టెలో అద్దాల్లోంచి చూసేవాళ్ళది ఒక ఆనందం. నాకైతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుని ఒక్కో సొరంగంలో పిల్లలు పెట్టే కేకలు వినడమే బాగుంటుంది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ దాటాక అరకు ఎంతో దూరం ఉండదు. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు కాబట్టి, ఆగీ ఆగకముందే దిగి బ్రేక్‌వ్యాను వైపు పరిగెత్తాలి.

అరకులో దిగిన లాడ్జి గురించి తక్కువ చెప్పడమే మేలు. శనివారమని రేటు పెంచారు, వేడినీళ్ళు పొద్దున్న ఒక గంటే, సైకిలుని జనరేటరు పక్కన పెట్టమన్నారు. రాత్రి రెండుసార్లు దిగి చూసుకొచ్చాను. గదిలో సామాను పడేసి చాపరాయి వైపు వెళ్తుంటే స్పీడ్ బ్రేకరు దగ్గర ముందు నుంచి "టక్" మంది. బ్రేకు వేస్తే మళ్ళీ టక్. ఫోర్కు కొత్త కదా, అలాగే ఉంటుందేమో అని కాసేపు మనసుకి సర్దిచెప్పుకున్నాను.

డుంబ్రిగుడ దగ్గర ఆగి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపాను. ఎడమ చేతి వేలు హెడ్‌సెట్ (హ్యాండిలు తిరిగే బేరింగుల జత) కింది అంచుకీ ఫోర్కు క్రౌనుకీ మధ్య పెట్టి చూస్తే ఆ సందు తెరుచుకుని మూసుకుంటోంది. పై మూత బిగించినా అంతే. అరకు తిరిగొచ్చి, మోటారు సైకిళ్ళ పంచర్లు వేసే ఒక పెద్దాయన దగ్గర విప్పించాను. ఫోర్కు కిందికి జారగానే ఆయన బేరింగులో వేలు తిప్పి, "ఏటి బాబూ, కింద రేసు ఎయ్యనేదు?" అన్నాడు.

క్రౌన్ రేసు అంటే ఫోర్కు మెడకి తొడిగే సన్నని ఉక్కు ఉంగరం. కింది బేరింగు కూర్చునేది దాని మీదే. షాపువాళ్ళు పాత ఫోర్కు నుంచి దాన్ని తీసి కొత్తదానికి వేయడం మరిచిపోయారు. ఉంగరమేమో ఇంట్లో అటక మీద, పాత ఫోర్కుకే ఉంది. మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు స్క్రూడ్రైవరుతో చుట్టూ తట్టి ఊడదీసి, అగ్గిపెట్టెలో పెట్టి, మర్నాడు పొద్దున్నే అరకు ఆర్టీసీ బస్సుకి పార్సిలు వేశాడు. మధ్యాహ్నానికి చేతికొచ్చింది. పెద్దాయన ఒకటింబావు అంగుళం ఇనుప పైపు ముక్కని స్టీరరు మీంచి దించి, చుట్టూ తిప్పుతూ సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. చివరి దెబ్బకి చప్పుడు మారింది, బోలుగా ఉన్నది గట్టిపడింది. కూర్చుందని అర్థం. యాభై రూపాయలు అడిగాడు. నేను రెండు వందలిస్తే వంద వెనక్కిచ్చాడు.

అక్కణ్ణుంచి ఫోర్కు ఏమిటో తెలిసింది. హుకుంపేట మీదుగా పాడేరు దాకా తారు బాగున్నచోట ఫోర్కు అణగకుండా ఆపే లాకౌట్ వేసుకుని, 516ఈ జాతీయ రహదారి పనులతో కంకర తేలినచోట తీసేసి తొక్కాను. నిజం చెప్పాలంటే తారు మీద ఎక్కుళ్ళలో పాత ఫోర్కే నయం. తొమ్మిది వందల గ్రాములు అదనంగా మోస్తున్నానని కాళ్ళు గుర్తుచేస్తూనే ఉన్నాయి. పాడేరు లాడ్జి చిన్నదే, కానీ యజమాని పాత పేపర్లు పరిచి సైకిలుని గదిలోకే రానిచ్చాడు. కోడి పులుసు, వేడి అన్నం ఆయన ఇంటి నుంచే వచ్చాయి. యాత్ర మొత్తంలో మంచి నిద్ర అక్కడే పట్టింది.

వంజంగి మేఘాల కొండకి చీకట్లో బయల్దేరాలి. కింద గుడారాల్లో పడుకుంటే దూరం తగ్గుతుంది. కానీ అక్కడ పడుకున్నవాళ్ళని పొద్దున చూశాను, దుప్పట్లు మంచుకి తడిసి భుజాన వేసుకుని నిలబడ్డారు. నేను పాడేరు నుంచే తొక్కాను. దారి ఎగుడుదిగుడుగా ఉంటుంది, చివరి ముక్క నడకే. మేఘాలు ఆ రోజు కిందే ఉండిపోయాయి, పాల సముద్రంలా అందరూ చెప్పేది అదే. దిగుతున్నప్పుడు మాత్రం రాళ్ళ మీద చేతులు వదులుగా పెట్టగలిగాను. ఫోర్కు కాలికి ఉండే రబ్బరు ఉంగరం దాదాపు పైదాకా జరిగి ఉంది, అంటే 100లో 90 దాకా వాడేసిందన్నమాట. ఫోర్కులో గాలి ఇంకో ఐదు పీఎస్ఐ పెంచాను.

తిరిగి వస్తూ పని పెట్టుకుని మరీ కటికి దారిలో దూరాను. అదే దారి, అవే జీపులు, అవే రాళ్ళు. నవంబరులో నాలుగుసార్లు ఆగినచోట ఈసారి ఒక్కసారే ఆగాను, అదీ ఎదురు జీపుకి దారివ్వడానికి. బొర్రా దగ్గర అదే టీ కొట్టు. గ్లాసు చేత్తోనే పట్టుకుని తాగాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

పాత ఫోర్కు అమ్మలేదు. వారంలో ఆరు రోజులు నేను తొక్కేది బీచ్ రోడ్డే, దానికి అదే సరి. దానికోసం ఇంకో క్రౌన్ రేసు కొని తొడిగి ఉంచాను. ఇప్పుడు మార్చుకోవడానికి నలభై నిమిషాలు పడుతోంది.