మోకాలి మార్పిడి అయినవారికి అమ్ముతున్న ‘కాళ్ల బలం’ యంత్రంతో జాగ్రత్త

విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి వైపు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఇది చదవండి. అరికాళ్లు ఆనించి కూర్చుంటే చాలు, వ్యాయామం లేకుండానే తొడలకు బలం వస్తుందంటూ అరికాళ్లకు సన్నగా కరెంటు పెట్టే ఒక యంత్రం అమ్ముతున్నారు. మా నాన్నగారు అమ్మ కోసం 18,000 రూపాయలు పోసి కొన్నారు. అమ్మ రోజూ దాని మీద కాళ్లు పెట్టుకుని సీరియళ్లు చూసింది. అరికాళ్లు జిల్లుమనేవి, అంతే. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సిందే. మెట్టెక్కితే కాలు వణుకు.

చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరకు తీసుకెళ్తే టేపుతో కొలిచి, ఆపరేషన్ అయిన కాలి తొడ ఎంత సన్నబడిందో చూపించారు. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో తొడ ముందు కండరం బలం సగానికి పైగా పడిపోవడం మామూలేనట. మోకాలిలో వాపు, నొప్పి ఉన్నంతకాలం నరాలు ఆ కండరాన్ని పూర్తిగా బిగుసుకోనివ్వవు. దాన్ని మళ్లీ పనిలో పెట్టాలంటే మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి నొక్కుతూ తొడ బిగించడం, కాలు మడవకుండా పైకెత్తడం, కుదురుకున్నాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చిన్న మెట్టెక్కి దిగడం చేయాలి. అరికాళ్లు అదిరితే తొడకు ఒరిగేదేమీ లేదు.

కరెంటు చికిత్స అంతా బూటకమని అనను. తొడ మీదే ప్యాడ్లు అంటించి, కండరం బిగుసుకోవడం కంటికి కనిపించేంత మోతాదులో, వ్యాయామంతో పాటు తొలి రోజుల నుంచే ఇస్తే మేలు జరుగుతుందని పరిశోధనలు ఉన్నాయి. నొప్పి తగ్గించే టెన్స్ యంత్రం వేరు. అమ్మేవాడు మాత్రం అన్నింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడతాడు. గుండెకు పెట్టే పేస్‌మేకర్‌కు ఇలాంటి కరెంటు అడ్డు రావచ్చు; అది ఉందా అని కూడా అడగలేదు, నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది అక్కడే. ఇంకొకటి: పిక్క వాచి, వేడిగా నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు ఏ యంత్రమూ, ఏ మర్దనా వద్దు, వెంటనే డాక్టరుకు చూపించండి.

వెనక్కి తీసుకోమంటే ‘పెట్టె విప్పేశారు కదా’ అన్నాడు. ఇచ్చిన చీటీ మీద జీఎస్టీ నంబరూ లేదు, మోడల్ పేరూ లేదు. ‘వ్యాయామం అక్కర్లేదు’ అని అచ్చేసిన కరపత్రం మాత్రం మా దగ్గరే ఉంది. ఇప్పటికే కొన్నవాళ్లు కరపత్రం, పెట్టె, డబ్బు కట్టిన రుజువు పారేయకుండా 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు లేదు.