తాళం తీయలేనని చెప్పిన దుకాణం: విజయనగరంలో ఒక కంప్యూటర్ సర్వీసు అనుభవం

మా నాన్నగారు గజపతినగరం దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తరువాత మన ప్రాంతపు పల్లెమాటలను, బుగత, కంబారి వంటి పిలుపుల నుంచి పొలం పనుల పేర్ల దాకా, అక్షరక్రమంలో పోగుచేస్తూ వచ్చారు. మొదట నోటు పుస్తకాల్లో రాసుకున్నారు, 2023లో ల్యాప్‌టాప్ కొన్న తరువాత అంతా అందులోకి ఎక్కించారు. ఆ ల్యాప్‌టాప్ ఒకరోజు ఆన్ చేయగానే నీలిరంగు తెర వచ్చి, 48 అంకెల రికవరీ కీ ఇస్తే తప్ప లోపలికి వెళ్లనివ్వనని మొరాయించింది. ఆ కీ అనేది ఒకటి ఉంటుందని కూడా మాకు అప్పటిదాకా తెలియదు.

దానికి వారం ముందు ఛార్జింగ్ ఎక్కడం లేదని పట్టణంలోనే ఒక సర్వీసు సెంటరులో ఇచ్చాము. వారు మదర్‌బోర్డు మార్చి ఇచ్చారు, కానీ మార్చితే ఏమవుతుందో ముందుగా ఒక్క మాట చెప్పలేదు. నీలి తెరతో తిరిగి వెళ్తే, ఫార్మాట్ చేసేద్దాం, రూ.1,500 అవుతుంది, ఫైళ్లు మాత్రం రావు అన్నారు. ఆ మాట విని నాన్నగారు ఏమీ అనకుండా ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని బయటికి నడిచారు. బంధువులొకరు చెప్పగా గంటస్తంభం దగ్గర సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఒక చిన్న దుకాణానికి వెళ్లాము. బోర్డు మీద కంప్యూటర్ సర్వీస్ అన్న రెండు ముక్కలే ఉంటాయి. ఈ సమీక్ష ఆ దుకాణం గురించే.

లోపల గోడ మీద చేతిరాతతో ఒక అట్ట అంటించి ఉంది: 'పాస్‌వర్డు మాకు చెప్పవద్దు. మీరే టైపు చేయండి.' ఆ అట్ట చూడగానే నాకు సగం నమ్మకం కుదిరింది. దుకాణం నడిపే ఆయన నీలి తెరను ఒక నిమిషం చూసి, దాని మీద కనిపించే కీ ఐడీలోని (ఏ కీ కావాలో తెలిపే గుర్తు అది) మొదటి ఎనిమిది అక్షరాలను చీటీ మీద రాసి నాకిచ్చారు. తరువాత నాన్నగారి వైపు తిరిగి, "మాస్టారూ, ఈ తాళం నేను తీయలేనండి. నేనే కాదు, ఎవలూ తీయలేరు. చెవి మాత్రం మీ దగ్గరే ఎక్కడో ఉంటాది, ఎతుకుదాం" అన్నారు. నేను తీస్తాను, వదిలి వెళ్లండి అని చెప్పి ఉంటే మేము వదిలి వెళ్లేవాళ్లమే. ఆ రోజు మాకు అంతకంటే విలువైన మాట మరెవరూ చెప్పలేదు.

కారణాన్ని ఆయన నాన్నగారికి అర్థమయ్యేలా ఓపికగా వివరించారు. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లాగిన్ అయినప్పుడే డిస్కులోని సమాచారమంతా బిట్‌లాకర్ పద్ధతిలో దానంతటదే రహస్య లిపిలోకి మారిపోతుంది. దానిని తెరిచే రహస్యం టీపీఎం అనే భద్రతా భాగంలో దాగి ఉంటుంది. బోర్డు మారితే ఆ భాగం కూడా మారిపోతుంది కాబట్టి, కంప్యూటరు తన యజమానిని గుర్తుపట్టలేక, ఇలాంటి సమయం కోసమే ముందుగా తయారుచేసి పెట్టిన 48 అంకెల కీని అడుగుతుంది. ఆ కీ నకలు సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది. అందుకే, బోర్డు మార్చే ముందే ఆ కీని రాసి పెట్టుకోమని చెప్పడం మెకానిక్ బాధ్యత అని ఆయన అన్నారు. మొదటి చోట ఆ మాట చెప్పకపోవడమే మాకు జరిగిన అన్యాయం.

అయితే మా కష్టం అక్కడితో తీరలేదు. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డు నాన్నగారికి గుర్తులేదు. దానిని మార్చుకోవడానికి వచ్చే కోడ్ ఆయన పాత జీమెయిల్‌కు వెళ్తుంది. ఆ జీమెయిల్ పాస్‌వర్డూ గుర్తులేదు, దానికి జతచేసిన ఫోన్ నంబరు రీఛార్జి చేయక ఎప్పుడో రద్దయిపోయింది. వరుసగా 90 రోజులు వాడని నంబరును కంపెనీలు తీసివేయవచ్చని, ఆపైన అది మరొకరికి వెళ్లిపోవచ్చని అప్పుడే తెలిసింది. ఒక తాళంచెవి రెండో పెట్టెలో, రెండో పెట్టె చెవి మూడో పెట్టెలో ఉన్నట్టయింది మా పరిస్థితి.

ఇక్కడే దుకాణదారు అనుభవం అక్కరకు వచ్చింది. నేను అక్కడికక్కడే నా ఫోన్లో గూగుల్ రికవరీ మొదలుపెట్టబోతుంటే ఆయన వారించారు. కొత్త పరికరం నుంచి, కొత్త చోటు నుంచి ప్రయత్నిస్తే అడుగుతున్నది అసలు యజమానేనని గూగుల్ నమ్మడం కష్టమవుతుంది. ఇదివరకు ఆ ఖాతా వాడిన ఫోను నుంచో కంప్యూటరు నుంచో, ఇదివరకు వాడిన ఇంటి వైఫై మీద, గుర్తున్నంతలో చివరి పాస్‌వర్డు ఇచ్చి ప్రయత్నించాలి అన్నారు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో పాత భద్రతా వివరాలన్నీ తొలగించి కొత్తవి పెట్టే దారిలోకి తొందరపడి వెళ్తే 30 రోజులు ఆగవలసి వస్తుందని, కాబట్టి ముందు జీమెయిల్ సంగతే చూడాలని వరుస కూడా చెప్పారు. "ఇంట్లో పాత ఫోను పారేశారా, దాచారా?" అని అడిగారు. బీరువాలో ఉందేమో అన్నారు నాన్నగారు. ఆ రోజుకు ఆయన మా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు.

ఆ ఫోను నిజంగానే బీరువా అడుగున, పెన్షన్ కాగితాల కింద దొరికింది. అద్దం పగిలి ఉన్నా, రెండు గంటలు ఛార్జింగ్ పెట్టాక వెలిగింది. ఇంటి వైఫైకి కలపగానే జీమెయిల్ ఉత్తరాలు వరుసగా రావడం మొదలయ్యాయి, అంటే ఖాతా అందులో ఇంకా తెరిచే ఉందన్నమాట. రికవరీ మొదలుపెట్టగానే ఆ పగిలిన అద్దం మీదే ఇది మీరేనా అన్న ప్రశ్న వచ్చింది. నాన్నగారు స్వయంగా అవునని నొక్కి, కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నారు. ఆ తరువాత మైక్రోసాఫ్ట్ కోడ్ జీమెయిల్‌కు రావడం, ఆ ఖాతా తెరుచుకోవడం పది నిమిషాల పని. రికవరీ కీల పేజీలో రెండు కీలు కనిపించాయి. చీటీ మీది ఎనిమిది అక్షరాలతో సరిపోయిన దానిని నేను కాగితం మీద రాసుకున్నాను.

మరునాడు దుకాణంలో నాన్నగారే కీబోర్డు ముందు కూర్చుని అంకెలు కొట్టారు. ఐదో గుంపు దగ్గర తప్పని వచ్చి ఆగిపోయింది. నాకు గుండె జారిపోయింది గానీ దుకాణదారు తొణకలేదు. ఆరేసి అంకెల ఎనిమిది గుంపుల్లో ప్రతిదీ 11తో శేషం లేకుండా భాగించబడేలా తయారవుతుందని, రాతలో తప్పు దొర్లితే అక్కడే పట్టుబడుతుందని ఆయన చెప్పగానే నాన్నగారి ముఖం వెలిగింది. అసలు కీ ఇక్కడ రాయకూడదు కాబట్టి వేరే సంఖ్యతో చెబుతాను: 482713లో ఒకటి విడిచి ఒకటి కూడితే ఒకవైపు 7, మరోవైపు 18, తేడా 11. ఆ తేడా 0 గానీ 11 గుణిజం గానీ అయితే సంఖ్య 11తో భాగించబడుతుంది, కనుక అది సరైన గుంపే. అందులో ఏ ఒక్క అంకె మారినా ఆ తేడా చెదిరిపోతుంది. నాన్నగారు నా కాగితం తీసుకుని, ఎనిమిది గుంపులనూ పెన్సిలుతో అలాగే లెక్కకట్టి, ఐదోది ఒక్కటే తేలడం లేదని చూపించారు. పేజీతో పోల్చి చూస్తే, నేను 1ని 7గా రాసుకున్నాను. దిద్దగానే విండోస్ తెరుచుకుంది, పల్లెమాటల ఫైలు చెక్కుచెదరకుండా ఉంది.

బోర్డు మారింది కాబట్టి పాత పిన్ పనిచేయలేదు, ఖాతా పాస్‌వర్డుతో కొత్తది పెట్టించారు. బిట్‌లాకర్ రక్షణను కాసేపు నిలిపి మళ్లీ మొదలుపెట్టారు. అలా చేయకపోతే, కొత్త బోర్డుతో ముడిపడక ఆన్ చేసిన ప్రతిసారీ కీ అడుగుతూనే ఉండవచ్చట. ఫైలును ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, జీమెయిల్‌కు ఇప్పటి ఫోన్ నంబరు జతచేయించి, ఫోను చేతిలో లేనప్పుడు లాగిన్‌కు పనికివచ్చే, ఎనిమిదేసి అంకెలుండే పది బ్యాకప్ కోడ్‌లను ప్రింటు తీసి ఇచ్చారు. ఇంత పనికీ రూ.400 తీసుకున్నారు.

మేము కూర్చున్న సమయంలోనే ఒక కుర్రాడు సెకండ్ హ్యాండ్ ఫోను తెచ్చి, రీసెట్ చేశాక పాత యజమాని గూగుల్ ఖాతా అడుగుతోంది, తీసేయమన్నాడు. బిల్లు ఉందా అని అడిగారు. లేదన్నాడు. అమ్మిన మనిషిని వెంటబెట్టుకుని రమ్మని పంపించారు గానీ, ఎక్కువ డబ్బు ఇస్తానన్నా ఫోను ముట్టుకోలేదు. దొంగసొత్తుకు అడ్డుగా పెట్టిన తాళాన్ని డబ్బు కోసం తీయని దుకాణానికే మన ల్యాప్‌టాప్‌ను నిశ్చింతగా ఇవ్వగలం. ఖాతాలు తెరిపిస్తామంటూ నెట్‌లో కనిపించే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయవద్దని, పొరపాటున డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆయన వచ్చినవారందరికీ చెబుతున్నారు. ఈ ఒక్క జాగ్రత్త మన జిల్లాలో ప్రతి పెద్దవారికీ చేరాలని నా కోరిక.

లోపాలు లేవని చెప్పను. అడిగితే తప్ప రసీదు ఇవ్వరు, ఇది మారాలి. మెట్లు ఇరుకుగా, పట్టుకోవడానికి కమ్మీ లేకుండా ఉన్నాయి. రెండే కుర్చీలు ఉండటం వల్ల నాన్నగారు మొదటి రోజు చాలాసేపు నిలబడవలసి వచ్చింది. పనిచేసేది ఆయన ఒక్కరే కావడంతో సాయంత్రం వెళ్తే గంటన్నర ఆగాలి, ఉదయం పదకొండు లోపు వెళ్తే తొందరగా అవుతుంది.

వెళ్లేవారు కొన్న బిల్లు, గుర్తింపు కార్డు, ఆ ఖాతా ఇదివరకు వాడిన పాత ఫోను ఉంటే దానిని ఛార్జింగ్ పెట్టి వెంట తీసుకెళ్లండి. పెద్దవారి ఖాతా అయితే వారినే తీసుకెళ్లాలి, వారు లేకుండా ఆయన పని మొదలుపెట్టరు. మెట్లు ఎక్కలేనివారు కింద ఉన్న జిరాక్సు దుకాణంలో చెబితే, ఆయనే కిందికి దిగి వచ్చి చూస్తారు.