మానవ ఐజీజీకి ఎఫ్‌ఐటీసీ సెకండరీ యాంటీబాడీ: 14 నెలలు వాడిన తర్వాత

విజయవాడ సూర్యారావుపేటలోని మా ల్యాబ్‌లో ఏఎన్‌ఏ పరీక్షను, అంటే రోగి రక్తంలో సొంత కణ కేంద్రకాలకే అతుక్కునే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్షను, హెప్-2 అనే మానవ కణాలున్న స్లైడ్ల మీద ఇమ్యునోఫ్లోరసెన్స్ (వెలిగే రంగుతో యాంటీబాడీని గుర్తించే) పద్ధతిలో చేస్తాము. ఇందుకు గత 14 నెలలుగా, మేక సీరం నుంచి శుద్ధి చేసి ఎఫ్‌ఐటీసీ అనే వెలిగే రంగును జోడించిన, మానవ ఐజీజీని (రక్తంలోని ఒక ముఖ్యమైన యాంటీబాడీ రకాన్ని) పట్టుకునే సెకండరీ యాంటీబాడీని విడిగా కొని వాడుతున్నాము. కీళ్ల నొప్పులతో, ముఖం మీద ఎర్రటి మచ్చలతో వచ్చిన ఒక ఆడపిల్లకు లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరాన్నే దెబ్బతీసే జబ్బు) ఉందో లేదో తేల్చుకోవడానికి డాక్టరుగారు మా రిపోర్టు కోసం ఎదురుచూస్తారు. అందుకే ఆ చిన్న సీసా ఎలాంటిదన్నది మాకు చాలా పెద్ద విషయం.

రోగి సీరంలోని యాంటీబాడీ కణ కేంద్రకానికి అతుక్కున్నా అది కంటికి కనబడదు. దాన్ని పట్టుకుని వెలిగేది సెకండరీ యాంటీబాడీయే. ఒక్కో రోగి యాంటీబాడీ మీద ఇవి అనేకం చేరగలవు కనుక వెలుగు ఇనుమడిస్తుంది. ఎఫ్‌ఐటీసీ 495 నానోమీటర్ల దగ్గర నీలి కాంతిని పీల్చుకుని 520 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది.

మొదటిసారి మేము కొన్నది హెచ్ ప్లస్ ఎల్ రకం. ధర తక్కువ, పైగా ఇదీ, ధర ఎక్కువైన గామా రకమూ ఒకటేనని సరఫరాదారు గట్టిగా చెప్పారు. రెండూ ఒకటి కావు. ఐజీజీ, ఐజీఎం, ఐజీఏ అనే యాంటీబాడీ రకాల అణువుల్లో బరువు గొలుసులు వేరువేరుగా ఉన్నా, కప్పా, లాంబ్డా అనే తేలిక గొలుసులు మాత్రం అన్నింటికీ ఉమ్మడివి. హెచ్ ప్లస్ ఎల్ అంటే బరువు గొలుసుతో పాటు ఈ తేలిక గొలుసులను కూడా పట్టుకునేది కనుక, పేరుకు ఐజీజీ యాంటీబాడీయే అయినా ఐజీఎంను సైతం వెలిగిస్తుంది. రోగుల పరీక్షలకు వాడేముందు, ఆరోగ్యంగా ఉన్న మా సిబ్బందిలో ఆరుగురి సీరాన్ని 1:80 డైల్యూషన్‌లో (ఒక వంతు సీరాన్ని 80 వంతులకు పలుచన చేసి) వేసి చూస్తే ఇద్దరి బావుల్లో (స్లైడ్ మీద ఒక్కో సీరాన్ని వేసే గడుల్లో) కేంద్రకాలు మసకగా పచ్చబడ్డాయి. ఐజీజీకి మాత్రమే ఉండే బరువు గొలుసైన గామా గొలుసును మాత్రమే పట్టే రకం తెప్పించి అవే సీరాలతో మళ్లీ చేస్తే ఒక బావి పూర్తిగా చీకటైంది, రెండోది మాత్రం అలాగే మిగిలింది. ఆ మిగిలినదానికి సీసాను తప్పుపట్టను, ఎందుకంటే 1:80 దగ్గర ఆరోగ్యవంతుల్లోనూ సుమారు 13 శాతం మందికి ఏఎన్‌ఏ కనబడుతుందన్నది తెలిసిన సంగతే. చీకటైన ఆ మొదటి బావి కోసమే గామా రకానికి ఎక్కువ డబ్బు పెట్టవచ్చునని నా అభిప్రాయం.

లేబుల్ మీద వాడవలసిన డైల్యూషన్‌ను ఒక విస్తృతమైన శ్రేణిగా ఇచ్చారు, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. మేము ఒక స్లైడ్‌లో అడ్డంగా సీరం డైల్యూషన్లను, నిలువుగా కాంజుగేట్ (రంగు జోడించిన సెకండరీ) డైల్యూషన్లను వేసి గళ్లు గళ్లుగా పోల్చాము. 1:50 దగ్గర నెగెటివ్ కంట్రోల్‌లో (ఏఎన్‌ఏ లేదని తెలిసిన సీరంలో) కూడా కణమంతా పలుచని పచ్చటి పొగ కమ్మినట్టు కనిపించింది. 1:200 దగ్గర సైటోప్లాజం నల్లగా ఉండి కేంద్రకాలు మాత్రమే గుండ్రంగా, అంచులు తెగినట్టు స్పష్టంగా వెలిగాయి. 1:400కు వెళ్లేసరికి బలహీనమైన పాజిటివ్‌లు జారిపోయాయి. ప్రతి బ్యాచ్‌కూ ఈ పని మళ్లీ చేయాలి, ఎందుకంటే ఒక్కో యాంటీబాడీ అణువుకు ఎన్ని రంగు అణువులు అతుక్కున్నాయన్న నిష్పత్తి బ్యాచ్‌ను బట్టి మారుతుంది. రంగు మరీ ఎక్కువైతే ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది.

రోహిణి కార్తెలో వచ్చిన ఒక పార్శిల్ గురించి చెప్పక తప్పదు. ఆదివారమంతా ఎక్కడో గోదాములో ఉండిపోయి సోమవారం మధ్యాహ్నం చేతికందిన ఆ పెట్టెలో జెల్ ప్యాకులు పూర్తిగా కరిగిపోయి, వయల్ తాకితే గోరువెచ్చగా ఉంది. స్లైడ్ మీద చూస్తే కణాల మధ్య ఆకాశంలో చుక్కల్లా పచ్చటి రేణువులు! అవి ముద్దకట్టిన యాంటీబాడీలు. సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జీ వద్ద 10 నిమిషాలు తిప్పి పైతేట మాత్రమే తీసుకుంటే రేణువులు చాలావరకు పోయాయి కానీ, పాత బ్యాచ్ పక్కన పెట్టి చూస్తే వెలుగు తగ్గింది. సరఫరాదారు మొదట ఒప్పుకోకపోయినా, రెండు స్లైడ్ల ఫోటోలు పంపిన తర్వాత వయల్ మార్చి ఇచ్చారు. ఎండ అంటే ఏమిటో తెలిసిన మన ఊళ్లకు సరుకు పంపేవారు పెట్టెలో ఉష్ణోగ్రత సూచిక ఒకటి పెట్టడం కనీస ధర్మమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఎఫ్‌ఐటీసీకి పుట్టుకతోనే ఉన్న బలహీనతలు రెండు. పీహెచ్ తగ్గితే వెలుగు పడిపోతుంది కనుక కవర్ స్లిప్ కింద వేసే గ్లిజరాల్‌ను 8.5 పీహెచ్ ఉన్న బఫర్‌తో కలుపుకోవాలి. దీపం కింద ఒకే చోట ఎక్కువసేపు చూస్తే రంగు వెలిసిపోతుంది కనుక ముందు ఫోటో తీసుకుని ఆ తర్వాత చర్చించుకోవాలి. అలెక్సా ఫ్లోర్ 488 అనే మరో రంగు ఈ రెండింటిలోనూ మెరుగైనది, అదే ఫిల్టరుతో కనబడుతుంది కూడా. రోజుకు పది, పదిహేను స్లైడ్లు చూసే మా వంటి ల్యాబ్‌కు ఎఫ్‌ఐటీసీ చాలు.

గుంటూరులోని ఒక చర్మవ్యాధుల డాక్టరుగారు పెంఫిగస్ (చర్మం మీద బొబ్బలు వచ్చే జబ్బు) పరీక్షకు ఇదే వయల్ పనికొస్తుందా అని అడిగారు. ఆ పరీక్షలో సీరాన్ని కోతి అన్నవాహిక ముక్క మీద వేస్తారు. కోతి ఐజీజీ మన ఐజీజీకి దగ్గరి చుట్టం కనుక, మామూలు సెకండరీ ఆ కణజాలంలో ముందే ఉన్న కోతి ఐజీజీని కూడా వెలిగిస్తుంది. కోతి సీరంతో శోషింపజేసిన (కోతి ఐజీజీని పట్టే యాంటీబాడీలను ముందే తీసేసిన) రకాన్నే తెప్పించుకోమని చెప్పాను. సెకండరీ తనంతట తానే దేన్నైనా వెలిగిస్తోందా అని తెలియడానికి, ఏ పరీక్షలోనైనా సీరం బదులు బఫర్ వేసి, సెకండరీ మాత్రమే కలిపిన బావి ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

వయల్ వచ్చిన రోజే చిన్న ట్యూబుల్లోకి పంచి, అల్యూమినియం కాగితం చుట్టి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతున్నాము, ఫ్రీజర్‌లో పెట్టి తీయడం లేదు. ఈ పద్ధతిలో గామా రకం చివరి ట్యూబు వరకు ఒకే వెలుగునిచ్చింది. మళ్లీ అదే ఆర్డరు పెట్టాము, సోమవారం బయలుదేరేలా మాత్రమే పంపమని రాతపూర్వకంగా కోరాము.